మాయ పడ్డాక మనసు

కాన్పు సుఖంగా జరిగి, బిడ్డ ఆరోగ్యంగా ఉండి, పాలు కూడా పడుతున్న సమయంలో, మూడో రోజునో నాలుగో రోజునో, తల్లి కారణం చెప్పలేకుండా ఎందుకు ఏడుస్తుంది? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పురిటి మంచం వేసిన ఇళ్ళలో తరచుగా వినిపించే ఈ ప్రశ్నను చాలామంది ప్రశ్నగా కాక నిందగా అడుగుతారు. ఆడపిల్ల పుట్టిందనా, మగడు దగ్గర లేడనా, కన్నవారు సరిగ్గా చూడడం లేదనా అని కారణాలు వెదికేవారు కొందరైతే, దిష్టి తగిలిందనీ గాలి సోకిందనీ తేల్చేసేవారు మరికొందరు. చదువుకున్న ఇళ్ళలో ఈ మధ్య ‘అంతా హార్మోన్ల వల్ల’ అన్న మాట వినిపిస్తోంది. ఈ చివరి మాటలో నిజం ఉంది గాని అది సగం నిజమే, పైగా గాలి సోకిందన్న మాటలాగే విచారణను అక్కడితో ఆపేస్తుంది. హార్మోన్లు బాలింతలందరిలోనూ దాదాపు ఒకే తీరున పడిపోతాయి. మనోవ్యాకులత మాత్రం అందరికీ రాదు. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలంటే ముందు గర్భంలో ఏం పెరుగుతుందో, కాన్పులో ఏం పోతుందో తెలియాలి.

మాయ అనే తాత్కాలిక గ్రంథి

హార్మోను అంటే శరీరంలో ఒకచోట తయారై, రక్తంలో కలిసి ప్రయాణించి, దూరాన ఉన్న మరో అవయవపు పనితీరును మార్చే రసాయనం. మెడలోని థైరాయిడ్, మూత్రపిండాలపైన ఉండే అడ్రినల్, స్త్రీలలో అండాశయాలు ఇటువంటి రసాయనాలను ఏళ్ళ తరబడి తయారుచేస్తూ ఉంటాయి. గర్భం దాల్చినప్పుడు వీటికి తోడుగా కొత్త గ్రంథి ఒకటి పుట్టుకొస్తుంది, అదే మాయ. గర్భాశయపు గోడకు అంటుకుని, బొడ్డుతాడు ద్వారా బిడ్డకు ఆహారమూ ప్రాణవాయువూ అందించే అవయవంగానే దీన్ని అందరూ ఎరుగుదురు; మంత్రసానులు కూడా అది పూర్తిగా పడిందా లేదా అన్నంతవరకే పట్టించుకునేవారు. కాని నెలలు నిండేసరికి సుమారు అరకిలో తూగే ఈ అవయవం, ఉన్నంతకాలమూ ఆడవారి శరీరంలోని మరే గ్రంథీ చేయనంత పెద్ద మోతాదులో హార్మోన్లను తయారుచేస్తుంది.

గర్భం నిలిచిన తొలి వారాల్లోనే, మాయగా మారబోయే కణాలు హెచ్‌సీజీ అనే హార్మోనును విడుదల చేస్తాయి. మందుల దుకాణంలో కొన్న పరీక్ష పట్టీ మీద రెండో గీతగా కనిపించేది దీని ఉనికే. అండం విడుదలైన చోట అండాశయంలో మిగిలే చిన్న పసుపుపచ్చని ముద్ద వాడిపోకుండా హెచ్‌సీజీ కాపాడితే, ఆ ముద్ద ప్రొజెస్టిరోన్ అనే మరో హార్మోనును తయారుచేసి గర్భాశయాన్ని నిశ్చలంగా ఉంచుతుంది. ఎనిమిది, పది వారాలు గడిచేసరికి ఆ పనిని మాయ తానే తలకెత్తుకుంటుంది. కాన్పు దగ్గరపడే నాటికి తల్లి రక్తంలో ప్రొజెస్టిరోన్ మామూలు కంటే పదిరెట్లకు పైగానూ, ఈస్ట్రోజెన్ వర్గంలో ముఖ్యమైన ఎస్ట్రడయోల్ నూరు రెట్ల దాకానూ పెరుగుతాయి.

ఈ రెండూ గర్భసంచికి సంబంధించిన వ్యవహారాలుగానే పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం కనిపించాయి. అయితే మెదడులో భావాలనూ నిద్రనూ ఆకలినీ జ్ఞాపకాన్నీ నడిపే భాగాల్లో కూడా ఈ హార్మోన్లను గుర్తించి అందుకునే గ్రాహకాలు ఉన్నాయి కాబట్టి, తొమ్మిది నెలల పాటు మెదడు కూడా ఈ మోతాదుల్లోనే తడుస్తూ ఉంటుంది. మొదటి గర్భానికి ముందూ, కాన్పు తరువాతా తల్లుల మెదడును స్కానింగు తీసి చూసిన స్పెయిన్, నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు, ఇతరుల మనోభావాలను అర్థం చేసుకోవడంలో పాలుపంచుకునే కొన్ని ప్రాంతాల్లో బూడిదరంగు పదార్థపు పరిమాణం తగ్గిందనీ, ఆ మార్పు కనీసం రెండేళ్ళు నిలిచిందనీ 2016లో ప్రకటించారు. తగ్గడం అంటే చెడిపోవడమని అనుకోనక్కరలేదు, ఎందుకంటే ఈ మార్పు ఎక్కువగా ఉన్న తల్లుల్లో బిడ్డ పట్ల అనుబంధం కూడా ఎక్కువగానే కనిపించింది.

ఆందోళన సమయంలో శరీరాన్ని సిద్ధం చేసే కార్టిసాల్ సంగతి మరీ విచిత్రమైనది. మామూలుగా మెదడు అడుగుభాగంలోని హైపోథలమస్ ఆజ్ఞ ఇస్తే అడ్రినల్ గ్రంథులు దీన్ని తయారుచేస్తాయి. గర్భంలో మాయ కూడా అదే ఆజ్ఞారసాయనాన్ని పెద్ద మొత్తంలో తయారుచేసి రక్తంలోకి వదలడం వల్ల చివరి నెలల్లో కార్టిసాల్ రెండు మూడు రెట్లు పెరిగి, హైపోథలమస్ తన పనిని తగ్గించుకుంటుంది. మాయ పడిన తరువాత ఆ పనిని మళ్ళీ పూర్తిగా అందిపుచ్చుకోవడానికి దానికి వారాలు పడుతుంది, అంటే రాత్రుళ్ళు నిద్ర లేకుండా గడపవలసిన కాలంలోనే ఒత్తిడిని తట్టుకునే యంత్రాంగం మందకొడిగా ఉంటుందన్నమాట.

మూడో రోజు

బిడ్డ పుట్టిన అరగంట లోపే సాధారణంగా మాయ కూడా బయటికి వచ్చేస్తుంది. అప్పటిదాకా హార్మోన్లను పోస్తున్న మూలమే శరీరాన్ని విడిచిపోయింది కాబట్టి, తొమ్మిది నెలల్లో మెల్లగా ఎక్కినదంతా కొద్ది రోజుల్లో దిగిపోతుంది. వారం తిరిగేసరికి ప్రొజెస్టిరోన్, ఎస్ట్రడయోల్ రెండూ గర్భానికి ముందున్న స్థాయికో, ఇంకా దిగువకో చేరుకుంటాయి. మనిషి జీవితంలో ఇంత తక్కువ వ్యవధిలో ఇంత పెద్ద హార్మోన్ల పతనం మరే ఆరోగ్యకరమైన దశలోనూ జరగదు.

ఈ పతనం లేకపోతే తల్లిపాలు లేవు. పాలను తయారుచేయించే ప్రొలాక్టిన్ అనే హార్మోను గర్భంలోనే బాగా పెరిగి సిద్ధంగా ఉంటుంది గాని, రొమ్ములో దాని పనిని ప్రొజెస్టిరోన్ అడ్డుకుంటూ ఉంటుంది. మాయ పోయి ప్రొజెస్టిరోన్ పడిపోయిన తరువాతనే ఆ అడ్డు తొలుగుతుంది; అందుకే మొదట్లో ముర్రుపాలు కొద్దికొద్దిగా వచ్చి, రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య రొమ్ములు బరువెక్కి పాలు పడతాయి. బిడ్డకు పాలు తెచ్చే మార్పూ, తల్లికి కన్నీళ్ళు తెచ్చే మార్పూ ఒకే సమయంలో రావడం కాకతాళీయం కాదు. ‘పాలు పడ్డాయి కదా, ఇంకా ఏడుపెందుకు’ అని పెద్దవారు అడిగే ప్రశ్నలోనే ఒకరకంగా దాని జవాబు ఉంది.

మెదడులో ఆ రోజుల్లో జరిగేదేమిటో 2010లో టొరంటో పరిశోధకులు కొంతవరకు పట్టుకోగలిగారు. మనసును నిలకడగా ఉంచే సెరటోనిన్ వంటి రసాయనాలను విరగ్గొట్టే ఎంజైము ఒకటి మెదడులో ఉంది. దాని పేరు ఎంఏఓ–ఎ. కాన్పు అయిన నాలుగో రోజు నుంచి ఆరో రోజు మధ్య తల్లుల మెదడులో ఈ ఎంజైము, ఇటీవల కాన్పు కాని ఆడవారితో పోలిస్తే సగటున 43 శాతం అధికంగా ఉన్నట్టు వారు కనుగొన్నారు. ఈస్ట్రోజెన్ తగ్గినప్పుడు ఈ ఎంజైము పెరుగుతుందని అంతకుముందే తెలుసు కాబట్టి, మాయ పడడానికీ మనసు కుంగడానికీ మధ్య ఉన్న దారిలో ఒక మెట్టు దీనితో స్పష్టమైంది.

ఈ దశలో కలిగే దిగులును వైద్యులు బేబీ బ్లూస్ అంటారు. పురిటి దిగులు అంటే సరిపోతుంది. బాలింతల్లో సగం మంది నుంచి ఐదింట నాలుగు వంతుల మంది దాకా దీన్ని అనుభవిస్తారు. మూడో రోజు మొదలై, ఐదో రోజు ప్రాంతంలో పెచ్చుమీరి, రెండు వారాల లోపు దానంతటదే తగ్గిపోయే ఈ దిగులులో ఏడుపుతో పాటు చిరాకూ, ఒక్కసారిగా ఉప్పొంగే ఆనందమూ, బిడ్డకేమవుతుందోనన్న భయమూ కలగలిసి ఉంటాయి. మందులు అవసరం లేదు; నిద్రా, చేతి సాయమూ, నిందించని మనుషులూ చాలు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. అయితే విజయనగరం ఘోషా ఆసుపత్రి అయినా, శ్రీకాకుళం రిమ్స్ అయినా, మామూలు కాన్పు తరువాత తల్లిని ఉంచవలసిన కనీస గడువు 48 గంటలే కాబట్టి, ఈ దిగులు బయటపడే వేళకు చాలామంది తల్లులు తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్‌లో ఇల్లు చేరి ఉంటారు. డాక్టరూ నర్సూ చూడని ఆ రోజుల్లో దాన్ని చూసేది అమ్మా అత్తా మాత్రమే.

పతనం అందరికీ, వ్యాకులత కొందరికి

రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, లేదా నెల రెండు నెలల తరువాత కొత్తగా మొదలైతే, అది వేరే వ్యవహారం. ఏ పనిలోనూ ఆసక్తి లేకపోవడం, బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టకపోవడం, తినబుద్ధి కాకపోవడం, తాను పనికిరాని తల్లినన్న భావన, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన రోజుల తరబడి కొనసాగడాన్ని ప్రసవానంతర వ్యాకులత అంటారు. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఇది తరచుగా మనసు జబ్బుగా కాక ఒంటి జబ్బుగానే బయటపడుతుంది. తలపోటూ, ఒంట్లో మంటలూ, గుండెదడా, నీరసమూ చెప్పుకున్న ఆడమనిషి చివరికి ‘ఏటీ బాగోనేదు’ అని ఊరుకుంటుంది. భారతదేశంలో జరిగిన 38 అధ్యయనాలను, అంటే సుమారు 20 వేల మంది తల్లుల వివరాలను కలిపి లెక్కగట్టి 2017లో ప్రకటించిన ఒక సమీక్ష, ఈ వ్యాకులత నూటికి 22 మందిలో ఉందని తేల్చింది.

మిగిలిన 78 మంది హార్మోన్లు కూడా పడిపోయినవే కదా, మరి వారికి ఎందుకు రాలేదు? ఈ ప్రశ్నను నేరుగా ఎదుర్కొన్న ప్రయోగం అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో జరిగింది. మికీ బ్లాక్, పీటర్ ష్మిట్, డేవిడ్ రుబినో తదితరులు దాని ఫలితాలను 2000లో ప్రచురించారు. గతంలో ప్రసవానంతర వ్యాకులతకు గురైన ఎనిమిది మందినీ, ఎన్నడూ గురికాని ఎనిమిది మందినీ తీసుకుని, గర్భం లేకుండానే వారికి ఎనిమిది వారాల పాటు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరోన్ భారీ మోతాదుల్లో ఇచ్చి, ఆ తరువాత వారికి తెలియకుండా ఆపేశారు. బిడ్డ లేదు, పురిటి నొప్పులు లేవు, నిద్ర లేని రాత్రులు లేవు. ఉన్నదల్లా హార్మోన్ల ఎక్కుడూ దిగుడూ మాత్రమే. గతంలో వ్యాకులత అనుభవించిన ఎనిమిది మందిలో ఐదుగురికి అవే లక్షణాలు తిరిగి వచ్చాయి. రెండో జట్టులో ఒక్కరికీ రాలేదు. పదహారు మందితో చేసిన చిన్న ప్రయోగమే అయినా ఇది రెండు వాదాలను ఒకేసారి దెబ్బతీసింది. హార్మోన్లకు మనసుతో సంబంధమే లేదనేవారికీ, అంతా హార్మోన్లేననేవారికీ ఇందులో సమాధానం ఉంది: పతనం ఒకటే, దాన్ని తట్టుకునే మెదళ్ళు వేరు.

ఆ తట్టుకోవడం ఎలా జరుగుతుందన్నదానికి అల్లోప్రెగ్ననోలోన్ అనే రసాయనం ఒక ఆధారం ఇస్తుంది. ప్రొజెస్టిరోన్ శరీరంలో మార్పు చెందగా తయారయ్యే ఈ పదార్థం, మెదడులో ఉద్రేకాన్ని అణచి శాంతింపజేసే గాబా అనే రసాయనపు గ్రాహకాల మీద పనిచేసి ఆ శాంతిని మరింత పెంచుతుంది. గర్భంలో ఇది విపరీతంగా పెరుగుతుంది కాబట్టి తల్లి మెదడు మత్తులో మునిగిపోకుండా ఉండడానికి ఆ గ్రాహకాలు తమ స్పందనను తగ్గించుకుంటాయని పరిశోధకులు భావిస్తున్నారు. కావడి మోసే మనిషిని చూస్తే ఇది తేలికగా అర్థమవుతుంది: రెండు కుండల బరువుకు తగ్గట్టు అతని భుజమూ నడుమూ అడుగూ ఒక తీరున అమరి ఉంటాయి, నడుస్తుండగా ఎవరైనా ఒక కుండను చటుక్కున తీసేస్తే రెండో కుండ బరువుకు కావడి ఒక పక్కకు ఒరుగుతుంది, అంతవరకూ అతన్ని నిలబెట్టిన ఆ అమరికే ఇప్పుడు అతన్ని తూలిపోయేలా చేస్తుంది. చాలామంది రెండడుగులు తూలి సర్దుకుంటారు. బురద గట్టు మీద ఉన్నవాడూ, ముందే కాలు బెణికి ఉన్నవాడూ, పక్కన పట్టుకునే మనిషి లేనివాడూ పడిపోతారు. అల్లోప్రెగ్ననోలోన్ పడిపోయాక గ్రాహకాలు మళ్ళీ పాత స్థితికి రావడానికి తీసుకునే వ్యవధి కొందరిలో సాగిపోతుందన్న ఈ ఊహ నుంచే కొత్త మందులు పుట్టాయి. ఇదే పదార్థాన్ని 60 గంటల పాటు సెలైన్‌లా ఎక్కించే బ్రెక్సనోలోన్‌కు 2019లోనూ, దాదాపు అదే తీరున పనిచేస్తూ 14 రోజులు మాత్రగా మింగే జురనోలోన్‌కు 2023లోనూ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది.

కాలు బెణికి ఉండడమంటే ఏమిటో కూడా చూడాలి. కాన్పు తరువాతి ఏడాదిలో సుమారు 20 మందిలో ఒకరికి థైరాయిడ్ గ్రంథి వాస్తుంది. మొదటి కొన్ని నెలల్లో హార్మోను ఎక్కువై దడా చిరాకూ కలిగి, నాలుగో నెల తరువాత అది తక్కువై బద్ధకమూ మతిమరుపూ దిగులూ ఆవరిస్తాయి. ఒక్క రక్తపరీక్షతో తెలిసిపోయే ఈ జబ్బును మనోవ్యాకులతగా పొరబడి ఏళ్ళ తరబడి బాధపడడం అన్యాయం. రక్తహీనత సంగతి చెప్పనక్కరలేదు. పైన చెప్పిన సర్వేలోనే ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవారిలో 58.8 శాతం మందికి రక్తం తక్కువగా ఉన్నట్టు తేలింది. కాన్పులో ఇంకొంత రక్తం పోయిన మనిషి లేచి నిలబడలేకపోతే దాన్ని బద్ధకమనడం ఆనవాయితీ అయిపోయింది.

కన్నవారిల్లు, అత్తవారిల్లు

బురద గట్టూ, పట్టుకునే మనిషీ ఇంటికి సంబంధించినవి. గోవాలో విక్రమ్ పటేల్, ఆయన సహచరులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో కాన్పు అయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు 23 శాతం తల్లుల్లో వ్యాకులత కనిపించింది. పేదరికమూ, భర్తతో సరిపడకపోవడమూ, ఆడపిల్ల పుట్టడమూ దానితో ముడిపడి ఉన్నాయి. అదే ఏడాది తమిళనాడులోని వేలూరు ప్రాంతపు గ్రామాల నుంచి వచ్చిన మరో అధ్యయనం తక్కువ ఆదాయంతో పాటు, మగపిల్లవాడిని ఆశిస్తే ఆడపిల్ల పుట్టడాన్నీ, అత్తతోనో తల్లిదండ్రులతోనో పొసగకపోవడాన్నీ, కాన్పు తరువాత చేతి సాయం లేకపోవడాన్నీ కారణాల్లో చేర్చింది. ఆడపిల్ల పుట్టినంత మాత్రాన ఏ గ్రంథీ వేరేగా ప్రవర్తించదు. కనుక ఇక్కడ పనిచేస్తున్నది పుట్టిన బిడ్డను చూసి ముడుచుకున్న ముఖాలే.

ఉత్తరాంధ్రలో తొలి కాన్పుకు ఆడపిల్ల కన్నవారింటికి రావడం మర్యాద. ఆ ఇంట్లో బాలింతకు నూనె రాసి వేడినీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి, నడికట్టు కట్టి, కాయం ముద్ద తినిపించి, పురుడు తీరేదాకా పొయ్యి దగ్గరికి పోనీయరు. మందుల పరంగా వీటిలో కొన్నింటికి పెద్ద విలువ లేకపోవచ్చు గాని, ఒక మనిషి కొన్ని వారాల పాటు మరో మనిషి ఒంటిని పట్టించుకోవడం, ఇంటిపని నుంచి తప్పించడం, రాత్రి బిడ్డను ఎత్తుకోవడం సామాన్యమైన వైద్యం కాదు. చేతి సాయం గురించి వేలూరులో తేలిన సంగతిని ఈ ఆచారం ఎప్పుడో పట్టుకుంది. దానితో పాటే వచ్చే పథ్యం మాత్రం మేలు చేయదు. మంచినీళ్ళు గొంతు తడిపేంత ఇచ్చి, ఆకుకూరలూ పళ్ళూ మాన్పించి, వెల్లుల్లి కారంతో వారాలు గడిపించడం, రక్తం తక్కువైన తల్లికి కీడే.

ఇక్కడ ఎవరూ పెద్దగా పట్టించుకోని విషయం ఒకటుంది. మూడో నెలలోనో ఐదో నెలలోనో సారె పెట్టి కూతుర్ని అత్తవారింటికి పంపుతారు. అంతవరకూ ఉన్న తల్లి చేతి సాయం ఆ రోజుతో ఆగిపోయి, ఇంటిపని మొత్తం మీద పడి, బిడ్డ ఏడిస్తే పాలు చాలడం లేదన్న మాటలు మొదలయ్యే కాలమూ, థైరాయిడ్ హార్మోను తగ్గే కాలమూ ఇంచుమించు ఒకటే. ‘కన్నోరింట్లో బాగానే ఉంది, ఇక్కడికొచ్చాక నాటకాలాడతంది’ అన్న నింద వినిపించినప్పుడల్లా ఈ రెండు క్యాలెండర్లనూ పక్కపక్కన పెట్టి చూడడం మంచిది.

భర్త ఊళ్ళో ఉండడం కూడా ఈ జిల్లాల్లో అందరికీ కుదిరేది కాదు. పొలం పనులు లేని కాలంలో హైదరాబాదు, విజయవాడ, చెన్నై నగరాల్లో కట్టడపు పనులకు వలస పోయేవారు ఒకవైపు, గుజరాత్‌లోని వెరావల్ రేవుకు చేపలవేటకు పోయి నెలల తరబడి సముద్రం మీద ఉండే తీరగ్రామాల మగవారు మరోవైపు. 2018 నవంబరులో అలా వెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు పాకిస్థాన్ సముద్ర గస్తీ దళానికి చిక్కి, 2020 జనవరి దాకా కరాచీ చెరలో ఉండిపోయారు. అది అరుదైన కష్టమే గాని, ఫోనులో మాత్రమే కనిపించే తండ్రులు ఆ ఊళ్ళలో అరుదు కాదు.

సీతంపేట, పార్వతీపురం, సాలూరు కొండల్లో పరిస్థితి మరోలా ఉంటుంది. దారి లేని గూడేల నుంచి నొప్పులు వచ్చాక డోలీ కట్టి మోసుకురావలసిన అవస్థ తప్పించడానికి, సాలూరులో గిరిజన గర్భిణుల కోసం వసతి గృహాన్ని ఏర్పాటు చేశారు. నెలలు నిండకముందే అక్కడికి చేరి ఉండడం వల్ల ప్రాణాలు నిలుస్తాయి. అయితే సవర, కువి మాట్లాడే తల్లి మనసులో మాట తెలుగులో అడిగితే బయటికి రాదు. సవర భాషకు వ్యాకరణమూ నిఘంటువూ కూర్చిన గిడుగు రామమూర్తి ఈ శ్రీకాకుళం సీమలోనే పుట్టారు. దిగులును అడిగే నాలుగు ప్రశ్నలను ఆ భాషలో అడగగల నర్సు కాన్పు గదిలో ఉండడం పెద్ద కోరికేమీ కాదు.

గాలి కాదు, సన్నిపాతమూ కాదు

పురిటి దిగులుకూ వ్యాకులతకూ భిన్నమైన మూడో స్థితి ఒకటుంది. అది వెయ్యిమందిలో ఒకరిద్దరికి మాత్రమే వస్తుంది గాని, వచ్చినప్పుడు గంటలు లెక్కపెట్టాలి. కాన్పు అయిన మొదటి రెండు వారాల్లో, తరచుగా మొదటి కొద్ది రోజుల్లోనే, నిద్ర పూర్తిగా పోయి, మాట తీరు మారి, ఎవరో తనను చంపబోతున్నారనో, బిడ్డ తన బిడ్డ కాదనో, దేవుడు తనతో మాట్లాడుతున్నాడనో తల్లి గట్టిగా నమ్మడం దీని లక్షణం. దీన్ని ప్రసవానంతర ఉన్మాదం అంటారు. ఫ్రెంచి వైద్యుడు లూయీ విక్టర్ మార్సే గర్భిణులూ బాలింతలూ పాలిచ్చే తల్లుల ఉన్మాదంపై 1858లోనే ఒక గ్రంథం రాశాడు. అంతకుముందు ఎప్పుడైనా కుంగుబాటూ అతి ఉత్సాహమూ మారిమారి వచ్చే బైపోలార్ జబ్బు ఉన్నవారిలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఇది రావచ్చు కాబట్టి, ఆ సంగతి కాన్పుకు ముందే డాక్టరుకు చెప్పి ఉంచాలి.

పాతకాలంలో ఇటువంటి తల్లిని చూసి గాలి పట్టిందని భూతవైద్యుణ్ణీ, మన్యంలో ఎజ్జోణ్ణీ పిలిచేవారు. జ్వరం కూడా ఉంటే సూతికా సన్నిపాతమనేవారు. ఆ రెండో మాటలో కొంత పరిశీలన ఉంది, ఎందుకంటే కాన్పు తరువాత గర్భాశయంలో సూక్ష్మక్రిములు చేరి రక్తం విషమైనప్పుడు కూడా తల్లి జ్వరంతో కలవరిస్తుంది. జ్వరం ఉన్నా లేకపోయినా చేయవలసింది మాత్రం ఒకటే, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళడం, అంతవరకూ తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకపోవడం. మంత్రం వేయించదలచినవారు ఆసుపత్రి నుంచి వచ్చాక వేయించుకోవచ్చు. ఆలస్యం మాత్రం ప్రాణాంతకం. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులూ, విశాఖపట్నంలో చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయమూ ఇందుకు దారులు. ఆ చికిత్సాలయపు పేరు ఈ ప్రాంతంలో తిట్టుగా స్థిరపడిపోవడం వల్లనే చాలా కుటుంబాలు గడప దాకా వచ్చి వెనుదిరుగుతాయి. సరైన చికిత్స అందితే ఈ ఉన్మాదం నుంచి అత్యధికులు పూర్తిగా కోలుకుంటారు.

ఆసుపత్రిలో చేరిస్తే బిడ్డను తల్లి నుంచి వేరు చేస్తారేమోనన్న భయం సహజమే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మూడేళ్ళ లోపు బిడ్డను చికిత్స పొందుతున్న తల్లి నుంచి సాధారణంగా వేరు చేయరాదని స్పష్టంగా చెబుతోంది. తల్లీబిడ్డలను కలిపి చేర్చుకునే ప్రత్యేక విభాగం బెంగళూరు నిమ్‌హాన్స్‌లో 2009 నుంచి నడుస్తోంది. మందులు వాడితే పాలు మాన్పించాలన్న నమ్మకం కూడా పూర్తిగా సరైనది కాదు. వ్యాకులతకు వాడే సెర్ట్రలిన్ వంటి మందులు తల్లిపాలలోకి చాలా తక్కువగా చేరుతాయి, ఏది వాడవచ్చో డాక్టరు నిర్ణయిస్తారు.

ఆశా కార్యకర్త వచ్చే రోజులు

ఇంటి దగ్గర నవజాత శిశు సంరక్షణ పథకం కింద, ఆసుపత్రిలో కాన్పు అయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్ళాలి. ఈ తేదీలను బిడ్డ కోసం నిర్ణయించారు. బరువు తూచడం, ఒంటి వేడి చూడడం, బొడ్డు ఆరిందో లేదో గమనించడం వాటి ఉద్దేశం. అయినా ఈ క్యాలెండరు తల్లి మనసుకు కూడా విచిత్రంగా సరిపోతుంది. 3వ రోజు నాటి ఏడుపుకు ధైర్యం చెబితే చాలు, 14వ రోజు దాటినా అది తగ్గకపోతే 42వ రోజు దాకా ఆగకుండా డాక్టరు దగ్గరికి పంపాలి. 1987లో స్కాట్లాండులో తయారైన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో పది ప్రశ్నలు ఉన్నాయి. గత ఏడు రోజుల్లో నవ్వగలిగారా, కారణం లేకుండా భయపడ్డారా, తనకు తాను హాని చేసుకోవాలనిపించిందా అని అడిగి, ముప్పైకి పదమూడో అంతకంటే ఎక్కువో వస్తే లోతుగా పరీక్షించాలంటుంది. అంత వ్యవధి లేని చోట ‘గుంటడు తొంగున్నప్పుడైనా నీకు నిద్దర పడతందా అమ్మా?’ అన్న ఒక్క ప్రశ్న, అత్త లేని సమయం చూసి అడిగితే, చాలా సంగతులు బయటపెడుతుంది.

పెద్ద చదువులు లేని ఆరోగ్య కార్యకర్తలు ఇటువంటి జబ్బును ఏం చేయగలరన్న సందేహానికి పాకిస్థాన్‌లోని రావల్పిండి గ్రామాలు జవాబిచ్చాయి. వ్యాకులతలో ఉన్న తల్లులతో అక్కడి మహిళా ఆరోగ్య కార్యకర్తలు వరుసగా మాట్లాడుతూ, ఆలోచనల తీరును కొద్దికొద్దిగా మార్చే శిక్షణ ఇచ్చారు. ఆరు నెలల తరువాత ఆ తల్లుల్లో 23 శాతం మందిలోనే జబ్బు మిగిలితే, మామూలు సందర్శనలు మాత్రమే అందిన తల్లుల్లో 53 శాతం మందిలో మిగిలిందని అతీఫ్ రహమాన్ బృందం 2008లో ప్రకటించింది. తల్లి కోలుకోవడం బిడ్డ తూకంలో కూడా కనిపిస్తుంది. గోవాలో వ్యాకులత ఉన్న తల్లుల బిడ్డలు ఆరో నెలకు బరువు తక్కువగా ఉండే అవకాశం ఎక్కువని పటేల్ బృందం చూపింది. అందువల్ల అంగన్‌వాడీ త్రాసు మీద బరువు పెరగని బిడ్డ కనిపించినప్పుడు, పౌష్టికాహారం పొట్లంతో పాటు తల్లి నిద్ర గురించి కూడా ఆరా తీయవలసి ఉంటుంది.

42వ రోజుతో ఈ సందర్శనల వరుస ముగుస్తుంది. ఆ తరువాత 3, 6, 9, 12, 15వ నెలల్లో ఆశా కార్యకర్త మళ్ళీ రావాలి. టీకాల కోసం 6, 10, 14వ వారాల్లో తల్లి స్వయంగా బిడ్డను ఎత్తుకుని వస్తుంది. కాని ఈలోగా ఆమె కన్నవారి ఊరు విడిచి అత్తవారి ఊరు చేరి ఉంటుంది కాబట్టి, 14వ రోజున ఆమె కళ్ళు చూసిన కార్యకర్త ఒకరూ, 3వ నెలలో తలుపు తట్టే కార్యకర్త మరొకరూ అవుతారు. టీకాలూ బరువులూ రాసిన కార్డు ఆమెతో పాటే వెళ్తుంది. ‘పురుట్లో ఈమె చాలా రోజులు ఏడ్చింది, కాస్త కనిపెట్టుకో’ అన్న ఒక్క మాట మొదటి కార్యకర్త ఫోనులోంచి రెండో కార్యకర్తకు చేరితే, ఆమెను డాక్టరు దగ్గరికి పంపడమో, థైరాయిడ్ పరీక్ష చేయించడమో, పగలూ రాత్రీ పలికే 14416 టెలిమానస్ నంబరు ఆమె చేతికివ్వడమో రెండో ఊళ్ళో మొదటి రోజు నుంచే సాధ్యమవుతుంది.